పాత గిటార్‌కు ఇంట్లోనే అవిసె నూనె పూత: వానాకాలంలో ఆరుతుందా?

ఆరుతీగలు (విజయవాడ) | జులై 2, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. కాలేజీ రోజుల్లో, 2009లో, ఒక సీనియర్ దగ్గర కొన్న ఎలక్ట్రిక్ గిటార్ ఇది. నల్ల రంగు. కుడి మోచెయ్యి ఆనే చోట రంగు పెచ్చులూడి చాలా ఏళ్లయింది. పోయిన నెలలో తీగలు, పికప్‌లు (తీగల శబ్దాన్ని పట్టే అయస్కాంత భాగాలు), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) అన్నీ విప్పేసి, హీట్ గన్‌తో రంగును మెత్తబరచి గీకడం మొదలుపెట్టాను. రంగు కింద గాజులా గట్టిగా, దళసరిగా ఇంకో పొర ఉంది. నాలుగు ఆదివారాలు దానితోనే సరిపోయింది. అదంతా పోయాక అడుగున చెక్క బయటపడింది. మూడు ముక్కలు అతికిన మహాగని. ఎర్రమట్టి రంగు, మధ్య ముక్కలో సన్నని చారలు. ఇన్నేళ్లూ ఇంత అందమైన చెక్కను చూడకుండానే వాయించాను. దీని మీద మళ్లీ రంగు వేయడం నాకు ఇష్టం లేదు. చేతికి చెక్క తగలాలి.

అందుకే నూనె పూత వేద్దామనుకున్నాను. రంగుల దుకాణంలో ‘డబుల్ బాయిల్డ్’ అని రాసి ఉన్న అవిసె నూనె, అంటే లిన్సీడ్ ఆయిల్, ఒక లీటరు తెచ్చాను. నాన్నగారు కొబ్బరి నూనె చాలంటున్నారు. మా వీధిలో వడ్రంగి స్పిరిట్ పాలిష్, అంటే లక్క పాలిష్, వేయించుకోమంటున్నాడు. బయట చూస్తే వాన వదలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎన్ని పూతలు వేయాలో, మధ్యలో ఎంత ఆగాలో చెప్పగలరా? నెక్ (చేత్తో పట్టుకునే పొడవాటి కాడ) వెనక వైపు మేపుల్ చెక్క. దానికీ ఇదే నూనె వేయవచ్చా?

రంపపుపొట్టు (రాజమహేంద్రవరం) | జులై 2, రాత్రి 10:40

అమ్మా, ముందు నూనె డబ్బా పక్కన పెట్టండి. నేను ముప్పై ఏళ్లుగా చెక్కపనిలో ఉన్నాను. పూత చెడిందని నా దగ్గరకు వచ్చే సామాన్లలో ఎక్కువ భాగం, పూతకు ముందు చేయాల్సిన పని చేయకపోవడం వల్ల చెడినవే.

రంగు పోయినంత మాత్రాన చెక్క బయటపడిందని అనుకోకూడదు. గాజులాంటి పొర అన్నారే, అది కొంత చెక్కలోకి ఇంకిపోయి ఉంటుంది. కంటికి కనిపించదు. వేలితో నీటి చుక్కలు అక్కడక్కడా పెట్టి చూడండి. చుక్క మెల్లగా పరుచుకుని ఇంకిపోతే అక్కడ చెక్క తేరింది. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడితే అక్కడ పాత పొర ఇంకా ఉంది. అలాంటి చోట నూనె పట్టదు. మచ్చ మచ్చగా తేలుతుంది, తరువాత ఎన్ని పూతలు వేసినా ఆ మచ్చ పోదు.

సాండ్ పేపర్ 120 నంబరుతో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) మొదలుపెట్టి 180, 240, 320 వరకు వెళ్లండి. ఎప్పుడూ చార వెంటే రుద్దాలి, అడ్డంగా వద్దు. అడ్డంగా పడిన గీత ఇప్పుడు కనపడదు, నూనె తగలగానే నల్లగా లేచి వస్తుంది. చేతివేళ్లతో కాదు, చదునైన చిన్న చెక్కముక్కకు కాగితం చుట్టి రుద్దండి. వేళ్లతో రుద్దితే పల్లాలు పడతాయి. 240 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి బాడీ అంతా తుడవండి. ఆరేసరికి చెక్క నూగు లేచి గరుకుగా తయారవుతుంది. ఆ నూగును 320తో కోసేయండి. 320 దాటి వెళ్లనవసరం లేదు, మరీ నున్నబడితే నూనె లోపలికి పోదు. ముక్కుకు మాస్కు తప్పనిసరి. మహాగని పొట్టు గొంతులో దురద పెడుతుంది.

లోలకం (వరంగల్) | జులై 3, ఉదయం 6:50

రసాయన శాస్త్రం బోధిస్తాను, గిటార్ కూడా వాయిస్తాను కాబట్టి కొబ్బరి నూనె సంగతి నేను చెబుతాను. నాన్నగారి మాట తీసేయడం కాదు. తలుపులకు కొబ్బరి నూనె రాయడం చాలా ఇళ్లలో ఉన్నదే, ఆ పూటకు మెరుస్తుంది కూడా. కానీ ఆ నూనె ఎన్నటికీ ఆరదు.

నూనె ఆరడమంటే నీరు ఆరినట్టు ఆవిరైపోవడం కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టి పొరగా మారుతుంది. ఆరాక దాని బరువు తగ్గదు, పెరుగుతుంది. ఈ అల్లిక జరగాలంటే నూనెలో జంట బంధాలు ఉండాలి. వాటిని కొలిచేదే అయోడిన్ విలువ. అవిసె నూనెకు అది 170 పైన ఉంటుంది. నువ్వుల నూనెకు 110 ప్రాంతంలో, వేరుశనగ నూనెకు 90 ప్రాంతంలో, కొబ్బరి నూనెకు 10కి అటూ ఇటూ. అందుకే కొబ్బరి నూనె చెక్క మీద నూనెగానే ఉండిపోతుంది. దుమ్ము పట్టి, కొన్నాళ్లకు ముక్కవాసన వేస్తుంది. తైలవర్ణ చిత్రాలు అవిసె నూనెతో గీయడానికి కారణమూ ఇదే. నేల మీద పరిచే లినోలియం పేరులోనే అవిసె ఉంది. లాటిన్‌లో లైనమ్ అంటే అవిసె, ఓలియం అంటే నూనె.

‘బాయిల్డ్’ అన్న మాటను చూసి పొరబడకండి. దుకాణాల్లో దొరికే రకం త్వరగా ఆరడానికి అందులో కోబాల్టు, మాంగనీసు వంటి లోహ లవణాలు కలుపుతారు. అవి లేని పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పడుతుంది. మీరు తెచ్చింది సరైనదే. చేతులకు తొడుగులు వేసుకోండి, కిటికీలు తెరిచి పెట్టండి.

వాన గురించి అడిగారు. గాలిలో తేమ ఎక్కువైతే ఆరడం మందగిస్తుంది, ఆగిపోదు. వెలుతురు, వెచ్చదనం, కదిలే గాలి ఉంటే చాలు. ఫ్యాను కింద వేలాడదీయండి, బీరువాలో పెట్టకండి. చీకట్లో ఆరిన అవిసె నూనె మరింత పసుపెక్కుతుంది కూడా.

చలిఊరు (టొరంటో) | జులై 3, ఉదయం 8:20

ఇక్కడ శీతాకాలంలో ఇంటి లోపల గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, చెక్క కుంచించుకుపోయి నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల, అంటే ఫ్రెట్ల, అంచులు చేతికి గుచ్చుకుంటాయి. మీకు తేమతో బాధ, మాకు పొడితనంతో. కాబట్టి ఆరే సమయం గురించి నా లెక్కలు మీకు పనికిరావు. నెక్ గురించి చెబుతాను.

మేపుల్ నెక్‌కు నూనె వేయవచ్చు. మ్యూజిక్ మ్యాన్ వంటి పెద్ద తయారీదారులు కూడా కొన్ని నెక్‌లకు తుపాకీ మడమలకు పూసే నూనె పట్టించి, పైన మైనం రుద్ది ఇస్తారు. బొటనవేలు జారే తీరు అద్భుతంగా ఉంటుంది. మెరుపు వార్నిషు వేసిన నెక్ చెమట పట్టినప్పుడు చెయ్యిని పట్టి ఆపుతుంది. నూనె నెక్ ఆపదు. నేను మూడు గిటార్లకు వాడింది ట్రూ ఆయిల్. అది కూడా అవిసె నూనెతో చేసినదే కానీ అందులో వార్నిషు గుణం ఉంది కాబట్టి త్వరగా ఆరుతుంది, పలుచని పొర కడుతుంది. మేపుల్ గట్టి చెక్క, నూనె ఎక్కువ తాగదు. బాడీకి ఆరు పూతలు వేస్తే నెక్‌కు మూడు చాలు. అవిసె నూనెతో మేపుల్ తేనె రంగుకు తిరుగుతుంది. తెల్లగానే ఉండాలనుకుంటే మాత్రం ఇది వద్దు.

ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు ఉండే పలక) మీద, నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) మీద టేపు అంటించండి. బాడీలో నెక్ కూర్చునే గూడులో నూనె వేయకండి. అక్కడ పొర కడితే నెక్ మునుపటిలా బిగుసుకోదు.

ఇంకో మాట. డబ్బా మీద ‘టంగ్ ఆయిల్ ఫినిష్’ అని ఉన్నవాటిలో టంగ్ నూనె (టంగ్ చెట్టు గింజల నూనె) చాలా తక్కువ ఉండేవీ ఉన్నాయి. అసలైన టంగ్ నూనె నీటిని అవిసె నూనె కన్నా బాగా ఆపుతుంది. కొనేటప్పుడు ‘స్వచ్ఛమైన’ అన్న మాట ఉందేమో చూసుకోవాలి.

పనసచెక్క (బొబ్బిలి దగ్గర) | జులై 3, సాయంత్రం 7:05

గిటార్ నాకు రాదు, వీణ వింటూ పెరిగినవాడిని. మా దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేస్తారు. కుండ, దండి, తల అన్నీ ఒకే దుంగలో తొలిచే వీణను ఏకాండి వీణ అంటారు. చిన్నప్పుడు ఒక పని శాలలో గంటల తరబడి కూర్చునేవాడిని. అప్పుడే కోసిన పనస పసుపు ముద్దలా ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ ఏళ్ల మీద తేనె రంగులోకి, తరువాత గోధుమ రంగులోకి తిరుగుతుంది. అక్కడ ఒక పెద్దాయన చెక్కను గోటితో కొట్టి వినేవారు. నన్నూ వినమనేవారు. నాకు అన్నీ ఒకేలా వినిపించేవి, ఆయనకు కాదు.

మీ మహాగని కూడా రంగు మారుతుంది. నూనె వేసిన రోజున కనిపించే రంగు చివరి రంగు కాదు. అందుకని అడుగున దాచిన చోట, వెనక మూత కింద, ముందు ఒక చుక్క పూసి వారం చూసి, తరువాతే బాడీ అంతటికీ వేయండి.

కొత్తశృతి (కర్నూలు) | జులై 4, మధ్యాహ్నం 1:30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది అకూస్టిక్ గిటార్. పైపలక స్ప్రూస్. మెరుపు పోయి గీతలు పడ్డాయి. దానికీ ఇలాగే నూనె పూయవచ్చా? ఇంకా, నెలకోసారి ఫ్రెట్‌బోర్డ్‌కు కొబ్బరి నూనె రాస్తున్నాను. లోలకం గారి మాట చదివాక భయం వేసింది.

చలిఊరు | జులై 4, సాయంత్రం 6:10

పైపలకకు నూనె వద్దు. దయచేసి వద్దు. ఎలక్ట్రిక్ బాడీ దాదాపు 44 మిల్లీమీటర్ల మందం, శబ్దాన్ని పికప్‌లు తీసుకుంటాయి కాబట్టి పై పొరలో నూనె ఇంకినా నష్టం లేదు. అకూస్టిక్‌లో మోగేదే ఆ పలక. మందం మూడు మిల్లీమీటర్ల లోపే. స్ప్రూస్ మెత్తని చెక్క, నూనెను దూదిలా పీలుస్తుంది. బరువెక్కి, కంపనం మందగిస్తుంది. లోపలికి దిగిన నూనెను మళ్లీ బయటికి తీయలేరు. అందుకే క్లాసికల్ గిటార్లు చేసేవారు పలకకు లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలుచగా ఎక్కిస్తారు. అది చెక్క పైనే ఉంటుంది. మీ గీతలు మాత్రం అలాగే ఉండనివ్వండి. నా గిటార్ మీద మా అమ్మాయి రెండేళ్ల వయసులో చెంచాతో కొట్టిన గుంట ఉంది. దాన్ని పూడ్చమని ఎవరడిగినా ఒప్పుకోను.

లోలకం | జులై 4, రాత్రి 8:45

కొత్తశృతి గారూ, భయపడకండి. తీగలు విప్పి, ఫ్రెట్‌బోర్డ్‌ను పొడిగుడ్డతో బాగా తుడిచి, ఒక గుడ్డకు కొద్దిగా టర్పెంటైన్ అద్ది చార వెంట తుడవండి. గుడ్డకు నల్లని మురికి అంటుకుంటుంది. అదంతా నూనె, చెమట, దుమ్ము కలిసిన పొరే. మీ ఫ్రెట్‌బోర్డ్ రోజ్‌వుడ్ అయితే ఏడాదికి ఒకటి రెండుసార్లు ఖనిజ నూనె రెండు చుక్కలు రాసి, ఐదు నిమిషాల్లో తుడిచేస్తే చాలు. ‘లెమన్ ఆయిల్’ పేరుతో గిటార్ దుకాణాల్లో అమ్మేవాటిలో చాలావరకు అదే, నిమ్మవాసన కలిపి ఇస్తారు. మేపుల్ ఫ్రెట్‌బోర్డ్ మీద పూత ఉంటుంది కాబట్టి దానికి ఏ నూనె అవసరం లేదు.

అన్నట్టు, రోజ్‌వుడ్‌లోనూ టేకులోనూ సహజంగా ఉండే పదార్థాలు అవిసె నూనెను సరిగ్గా ఆరనివ్వవు. టేకు బాడీ చేయించుకున్నవారు పూతకు కొద్ది నిమిషాల ముందు ఎసిటోన్‌తో తుడిచి మొదలుపెట్టాలి. ఎసిటోన్ వాడేచోట మంట ఉండకూడదు.

ఆరుతీగలు | జులై 9, రాత్రి 9:50

రంపపుపొట్టు గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నీటి చుక్కల పరీక్ష చేశాను. ముందు వైపు అన్నిచోట్లా ఇంకింది. పక్క అంచుల్లో, కొమ్ముల వంపు లోపల మాత్రం చుక్కలు ముత్యాల్లా నిలబడ్డాయి. కంటికి అంతా ఒకేలా ఉంది! అలాగే నూనె వేసేసి ఉంటే నా నెల రోజుల శ్రమ వృథా అయ్యేది. మళ్లీ రెండు రోజులు గీకాను.

టర్పెంటైన్‌తో తుడిచి చూస్తే ముక్కలు అతికిన చోట జిగురు కారిన మచ్చ కూడా తేలింది, తెల్లగా అరచేతిలో సగం. దాన్నీ తీశాను. పాత పిన్ను రంధ్రాలు, స్క్రూ రంధ్రాలు రెండు మూడు ఉన్నాయి. వాటిని కొండపల్లి బొమ్మలకు వాడే మక్కులాంటి దానితో నింపవచ్చా?

ఈ రోజు మొదటి పూత వేశాను. సగం నూనె, సగం టర్పెంటైన్. పాత బనియను గుడ్డతో. ఆ మొదటి గీత పడిన క్షణం గురించి చెప్పాలి. పాలిపోయిన ఇటుక రంగులో ఉన్న చెక్క, గుడ్డ వెళ్లినంత మేర ఎర్రగా, లోతుగా మారిపోయింది. మధ్య ముక్కలో చారలు వెలుతురు పడే కోణాన్ని బట్టి కదులుతున్నట్టు ఉన్నాయి. నాన్నగారిని పిలిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు తెచ్చుకుని మరీ చూశారు.

రంపపుపొట్టు | జులై 10, ఉదయం 5:55

మక్కు చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి చేస్తారు. బొమ్మకు అది సరిపోతుంది, ఎందుకంటే దాని మీద రంగు కప్పుతారు. మీరు చెక్కను కప్పడం లేదు. జిగురు ఏదైనా సరే, నూనె పట్టదు, మచ్చలా కనిపిస్తుంది. చిన్న రంధ్రాలను అలాగే వదిలేయండి, లేదా అదే చెక్క పుల్లను కొట్టి కోసేయండి.

మహాగనికి సన్నని రంధ్రాలు ఎక్కువ. నున్నగా కావాలంటే మూడో పూతప్పుడు 400 నంబరు నీటి కాగితాన్ని (తడిపి వాడే సాండ్ పేపర్‌ను) నూనెలో ముంచి చిన్న వలయాలుగా రుద్దండి. చెక్కపొడి, నూనె కలిసి ఎర్రని ముద్ద లేస్తుంది. ఆ ముద్దే రంధ్రాల్లో కూర్చుంటుంది. పది నిమిషాలాగి చారకు అడ్డంగా తేలిగ్గా తుడవండి, చార వెంట తుడిస్తే రంధ్రాల్లోది బయటికి వచ్చేస్తుంది. సొంత చెక్క పొడే కాబట్టి రంగు అతికినట్టు కలుస్తుంది. కొన్న ఫిల్లర్ ఏదీ అంత బాగా కలవదు.

ఒక్క సంగతి మరవకండి. పూసిన పావుగంట, ఇరవై నిమిషాల తరువాత మిగిలిన నూనెను పూర్తిగా తుడిచేయాలి. పూత వేశామో లేదో అని అనుమానం వచ్చేంతగా తుడవాలి.

ఆరుతీగలు | జులై 14, రాత్రి 10:25

తప్పు చేశాను. మొన్న రెండో పూత వేశాక ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడి వచ్చేసరికి గంట దాటింది. అప్పటికే కొంచెం ఇంకినట్టు కనిపిస్తే తుడవకుండా అలాగే వదిలేశాను. రెండు రోజులుగా ఎడతెగని వాన. గదిలో తేమ కొలిచే పరికరం 86 శాతం చూపిస్తోంది. ఇప్పుడు బాడీ వెనక భాగమంతా బంకలా ఉంది. వేలు పెడితే అచ్చు పడుతోంది. దుమ్ము, ఒక దోమ కూడా అతుక్కున్నాయి. మొత్తం మళ్లీ గీకాలా? ఇంతదూరం వచ్చాక నిజంగా ఏడుపు వస్తోంది.

ఈ రోజు ముందువైపు మూడో పూత వేసి, బాగా తుడిచాను, అది పరవాలేదు. తుడిచిన గుడ్డలన్నీ ప్లాస్టిక్ సంచిలో కుక్కి బాల్కనీలో పాత అట్టపెట్టెల పక్కన పెట్టాను, రేపు చెత్తబండి వచ్చినప్పుడు పారేస్తాను.

లోలకం | జులై 14, రాత్రి 10:31

బంక సంగతి తరువాత. ముందు వెళ్లి ఆ గుడ్డలు సంచిలోంచి తీయండి. ఇప్పుడే. నీళ్ల బకెట్‌లో ముంచండి. ముంచాక ఇక్కడ ఒక మాట రాయండి.

ఆరుతీగలు | జులై 14, రాత్రి 10:52

ముంచాను. సంచి బయట మామూలుగానే ఉంది, మధ్యలో ఉన్న గుడ్డ తీస్తే గోరువెచ్చగా ఉంది. ఎండ లేదు, పొయ్యి దగ్గర లేదు. ఎందుకు?

లోలకం | జులై 14, రాత్రి 11:20

మంచి పని చేశారు. ఇప్పుడు కారణం చెబుతాను. అవిసె నూనె ఆక్సిజన్ పీల్చి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీద పలుచని పూతలో ఆ వేడి గాలికి పోతుంది. నూనె గుడ్డలను ఉండ చుట్టి కుక్కితే, ప్రతి దారం మీదా నూనె పరుచుకుని ఉంటుంది, గాలి లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. వేడి పెరిగేకొద్దీ చర్య వేగం పెరుగుతుంది. కొన్ని గంటల్లో అగ్గిపుల్ల లేకుండానే మండుతుంది. మీ గుడ్డలు మండేవో మండేవి కావో చెప్పలేం. పక్కన అట్టపెట్టెలు ఉన్నప్పుడు ఆ పరీక్ష మనకు అక్కర్లేదు.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తులో మంటలు లేచాయి. చెక్క పలకలకు మెరుగు పెట్టాక వదిలేసిన అవిసె నూనె గుడ్డలే కారణం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ భవనాన్ని 1999లో కూల్చేశారు. ఈ పని చేసే ప్రతివారికీ మొదటి రోజే ఈ సంగతి చెప్పాలి. నేను మొదటి జవాబులోనే రాయాల్సింది, రాయలేదు. ఆ బాధ నాకుంది.

ఇకపై వాడిన ప్రతి గుడ్డనూ మడత లేకుండా విప్పి, దండెం మీద ఒంటరిగా ఆరవేయండి. అట్టముక్కలా బిరుసెక్కాక పారేయవచ్చు. లేదా నీళ్లు నింపిన మూత ఉన్న డబ్బాలో వేయండి.

రంపపుపొట్టు | జులై 15, ఉదయం 5:40

లోలకం గారూ, మీతో పాటు నేనూ చెప్పలేదు. మా దగ్గర పని అయ్యాక గుడ్డలను గోడ మీద ఆరేయడం ఎంత అలవాటంటే, అది చెప్పాల్సిన విషయమని తోచలేదు.

అమ్మా, ఇక బంక. ఏడవకండి, మొత్తం గీకనవసరం లేదు. గరుకు గుడ్డకు, గోనెపట్టా అయితే ఇంకా మంచిది, టర్పెంటైన్ తడిపి వెనక భాగం రుద్దండి. పైనున్న బంక కరిగి గుడ్డకు వస్తుంది. మొండిగా ఉన్నచోట కొద్దిగా అవిసె నూనె చుక్క వేసి రుద్దితే కొత్త నూనె పాత నూనెను కరిగిస్తుంది. వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. తరువాత మూడు రోజులు ఏ పూతా వద్దు. ఫ్యాను వేసి వదిలేయండి. వాన తెరిపిచ్చి ఎండ వస్తే కిటికీ పక్కకు జరపండి, నేరుగా ఎండలో పెట్టకండి, అతుకులు విచ్చుకుంటాయి.

వానాకాలంలో పూతకు, పూతకు మధ్య ఒక రోజు కాదు, మూడు రోజులు ఆగండి. గోరుతో నొక్కి చూసి, చేతికి జిడ్డు తగలకపోతేనే తరువాతిది.

పనసచెక్క | జులై 15, రాత్రి 8:15

ఒక సందేహం. ఇంత కష్టపడేకన్నా లక్క పాలిష్ తేలిక కదా? వానలోనూ గంటలో ఆరుతుంది. గట్టి పొర ఇస్తుంది. నూనె పూత గీతలను ఆపదు, నీటినీ పెద్దగా ఆపదు.

రంపపుపొట్టు | జులై 16, ఉదయం 6:05

మీరన్నది నిజం. నేను బీరువాలకు, కుర్చీలకు లక్కే వేస్తాను. అయితే గిటార్ మీద మోచెయ్యి గంటల కొద్దీ చెమటతో ఆని ఉంటుంది. చెమటకు, వేడికి లక్క మెత్తబడి తెల్లబారుతుంది. పైగా లక్క చెడితే ఆ పలకంతా మళ్లీ ఎక్కించాలి. నూనె పూతలో గీత పడితే అంతమేర సాండ్ పేపర్ రుద్ది, నూనె పూసి, తుడిస్తే పది నిమిషాల పని. అవిసె నూనె బాగా ఆరాక దాని మీద లక్క ఎక్కించే పద్ధతీ ఉంది, మెరుపు కావాల్సినవారు అలా చేసుకోవచ్చు. ఈవిడకు కావాల్సింది మెరుపు కాదు, చేతికి చెక్క తగలడం. దానికి నూనెకు మించింది నాకు తెలియదు.

చలిఊరు | జులై 16, ఉదయం 9:30

స్వరం సంగతి ఎవరూ అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే నా అభిప్రాయం చెబుతాను. ఎలక్ట్రిక్ గిటార్‌కు నూనె వేసినందువల్ల స్వరం మారిందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మారేది వాయించేవారి చెయ్యి. వాద్యం ఒంటికి ఆనిన తీరు నచ్చితే ఎక్కువసేపు వాయిస్తాం.

చివరి పూత ఆరాక 0000 (అతి సన్నని రకం) స్టీల్ వూల్‌తో తేలిగ్గా రుద్దితే పట్టులాంటి మృదువైన నిగారింపు వస్తుంది. అది మాత్రం పికప్‌లు బిగించకముందే చేయండి. ఉక్కు నూగు అయస్కాంతాలకు అతుక్కుంటే తీయడం నరకం. పైన తేనెమైనం పలుచగా రుద్దండి.

ఆరుతీగలు | ఆగస్టు 24, సాయంత్రం 6:40

మీ అందరికీ. నిన్న తీగలు వేశాను.

ముందువైపు ఆరు పూతలు, వెనక ఏడు, నెక్‌కు మూడు. జులై చివరి వారంలో నాలుగు రోజులు ఎండ కాసింది, అప్పుడే అసలు పని జరిగింది. బంక పట్టిన వెనక భాగం టర్పెంటైన్‌తో రెండుసార్లు రుద్దితే వచ్చేసింది. నీటి కాగితంతో రుద్దినప్పుడు లేచిన ఎర్రని ముద్ద గోరింటాకులా ఉంది. చేతులకు తొడుగులు ఉన్నా మణికట్టుకు అంటి రెండు రోజులు పోలేదు. చివరి పూత తరువాత మూడు వారాలు ముట్టుకోలేదు. రోజూ ఉదయం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేదాన్ని. నూనె వాసన పూర్తిగా పోయిన రోజున మైనం రుద్దాను. వాడిన గుడ్డలు దండెం మీద ఒక్కొక్కటిగా ఆరేశాను. పక్కింటివారు అడిగితే కారణం చెప్పాను, వాళ్ల అబ్బాయి మంచానికి పాలిష్ చేయిస్తున్నారట, వాళ్లూ జాగ్రత్త పడతామన్నారు.

మోచెయ్యి ఆనే చోట ఇప్పుడు చల్లగా ఉండదు. రంగు ఉన్నప్పుడు ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టినట్టు ఉండేది. రాత్రి పదకొండింటి దాకా వాయిస్తూనే ఉన్నాను. అప్పుడే బెల్టు బకిల్ తగిలి వెనక ఒక గీత కూడా పడింది. ఈ ఉదయం 400 కాగితం, ఒక చుక్క నూనె, ఒక పాత గుడ్డ. కనిపించడం లేదు.

లీటరులో ముప్పావు భాగం మిగిలిపోయింది. నాన్నగారు పూజ గది తలుపుకు వేద్దామంటున్నారు, అది టేకు. దసరా దాకా దాచి వేద్దామనుకుంటున్నాను. అప్పటిదాకా డబ్బాలో పాడవకుండా ఉంటుందా?

రంపపుపొట్టు | ఆగస్టు 25, ఉదయం 5:50

చాలా సంతోషం అమ్మా. వీలైతే ఫోటో పెట్టండి, మా కుర్రాళ్లకు చూపిస్తాను.

సగం ఖాళీగా ఉన్న డబ్బాలో గాలి ఉంటుంది, ఆ గాలికే నూనె మీద మీగడ కడుతుంది. చిన్న గాజు సీసాల్లోకి నిండుగా పోసి పెట్టండి. చివరి సీసా నిండకపోతే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గోలీలు ఒక్కొక్కటి వేస్తూ పోండి, నూనె మూత దాకా వస్తుంది. అప్పుడు బిగించండి. తలుపు టేకు అన్నారు కదా, లోలకం గారు చెప్పిన ఎసిటోన్ తుడుపు మరవకండి. దీపం వెలిగించని వేళ చూసుకుని చేయండి.